చూసినవారెందరు, సరిచూసినవారెందరు?

గణిత పరిశోధన పత్రాలకు ఆన్‌లైన్‌లో వచ్చే స్పందనను కొలవడంపై ఒక పరిశీలన

2002 ఆగస్టు 6న కాన్పూర్ ఐఐటీ వెబ్‌సైటులో తొమ్మిది పేజీల పత్రం ఒకటి వెలువడింది. రాసినవారు మణీంద్ర అగ్రవాల్, ఆ వేసవిలోనే బీటెక్ ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా. ఇచ్చిన సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో బహుపది కాలంలో తేల్చే పద్ధతి అందులో ఉంది. ఆ పద్ధతి సంభావ్యత మీద ఆధారపడదు, నిరూపణ కాని ఊహలనూ వాడుకోదు. జర్మన్ గణితవేత్త ఫోల్క్‌మార్ బోర్నెమాన్ 2003 మేలో అమెరికన్ గణిత సంఘం పత్రిక ‘నోటీసెస్’లో రాసిన వ్యాసం ప్రకారం, మొదటి పది రోజుల్లో ఆ సైటుకు 20 లక్షలకు పైగా హిట్లు వచ్చాయి. పత్రం 3 లక్షల సార్లు డౌన్‌లోడ్ అయింది.

గణిత పత్రానికి ఇవి అసాధారణమైన అంకెలు. అయితే వాటిని చదివేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. హిట్ అంటే సర్వర్‌ను అడిగిన ఒక్కో ఫైలు. పేజీలో నాలుగు బొమ్మలుంటే ఒకే సందర్శకుడు అయిదు హిట్లు మిగిల్చిపోతాడు. డౌన్‌లోడ్ హిట్ కంటే నమ్మదగిన లెక్కే. కానీ దించుకున్నవారు చదివారనీ, చదివినవారికి నిరూపణ అర్థమైందనీ అది చెప్పదు. ఈ వ్యాసం అడిగే ప్రశ్న ఇదే: గణిత పత్రానికి ఆన్‌లైన్‌లో వచ్చే స్పందనను ఎంతవరకు కొలవగలం, ఆ కొలత దేనికి సాక్ష్యం అవుతుంది?

కొలమానాలు ఎందుకు పుట్టాయి

పరిశోధన ప్రభావానికి చాలాకాలంగా వాడుతున్న కొలమానం సైటేషన్, అంటే ఒక పత్రాన్ని తర్వాతి పత్రాలు ఎన్నిసార్లు పేర్కొన్నాయన్న లెక్క. గణితానికి ఇది సరిగా అమరలేదన్న ఫిర్యాదు పాతదే. అంతర్జాతీయ గణిత సంఘం మరో రెండు సంస్థలతో కలిసి 2008లో వెలువరించిన ‘సైటేషన్ స్టాటిస్టిక్స్’ నివేదికను రాబర్ట్ ఆడ్లర్, జాన్ యూయింగ్, పీటర్ టేలర్ రాశారు. జర్నళ్ల ఇంపాక్ట్ ఫ్యాక్టర్ రెండేళ్ల వ్యవధినే చూస్తుందనీ, గణితంలో దాదాపు 90 శాతం సైటేషన్లు ఆ వ్యవధికి బయటే పడతాయనీ వారు ఎత్తిచూపారు. గణిత పత్రాన్ని చదవడానికి నెలలు పడుతుంది. దాని మీద ఇంకొకరు కట్టిన ఫలితం అచ్చు కావడానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి తొందరపడే కొలమానం గణితాన్ని ఎప్పుడూ తక్కువగానే చూపిస్తుంది.

ఈ ఆలస్యాన్ని దాటే మార్గంగా ముందుకొచ్చినవే ఆల్ట్‌మెట్రిక్స్. జేసన్ ప్రీమ్, డారియో తరబొరెల్లి, పాల్ గ్రోత్, కామెరాన్ నైలాన్ 2010 అక్టోబరులో వీటి కోసం ఒక ప్రణాళిక ప్రకటించారు. ట్వీట్లు, బ్లాగులు, వార్తలు, వికీపీడియా ప్రస్తావనలు, పరిశోధకులు తమ ఆన్‌లైన్ గ్రంథాలయాల్లో దాచుకున్న పత్రాలు, ఇవన్నీ పరిశోధన వదిలే జాడలేనని వారి వాదన. మరుసటి ఏడు యూవన్ ఏడీ ఆల్ట్‌మెట్రిక్ సంస్థను మొదలుపెట్టాడు. జర్నళ్ల పేజీల్లో రంగురంగుల వలయం మధ్య కనిపించే అంకె ఆ సంస్థదే.

ఆ అంకె ఎలా తయారవుతుందో చూద్దాం. సంస్థ చాలాకాలం వాడిన పట్టికలో వార్తకు 8, బ్లాగు టపాకు 5, వికీపీడియా ప్రస్తావనకు 3, ట్వీట్‌కు 1, ఫేస్‌బుక్ పోస్టుకు 0.25 భారం ఇచ్చారు. మూలం పెద్దదా చిన్నదా, పంచుకున్నది ఎవరు అన్నవాటిని బట్టి మళ్లీ సర్దుబాట్లు ఉంటాయి. మెండలీ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో పత్రాన్ని దాచుకున్న పాఠకుల సంఖ్యను చూపిస్తారు గానీ మొత్తంలో కలపరు. అంటే ఈ లెక్కలో ఒక వార్త ఎనిమిది ట్వీట్లకు, ముప్ఫై రెండు ఫేస్‌బుక్ పోస్టులకు సమానం. ఈ నిష్పత్తి ప్రకృతిలో ఉన్నది కాదు, కొందరు కూర్చుని నిర్ణయించినది. కిలోల బియ్యాన్నీ లీటర్ల పాలనూ కూడి ఒకే సంఖ్య చెబితే సరుకు ఎంత వచ్చిందో తెలిసినట్టే ఉంటుంది, వంటకు మాత్రం ఆ సంఖ్య పనికిరాదు. ఈ అంకె నాణ్యతను కొలవదని ఆ సంస్థే చెబుతుంది. చిక్కు దాన్ని వాడేవారు ఆ హెచ్చరికను పక్కన పెట్టినప్పుడు వస్తుంది.

పెద్ద లెక్కలు చూపేది

స్టెఫనీ హౌస్టైన్, రోడ్రిగో కోస్టాస్, విన్సెంట్ లారివియేర్ 2015లో ‘ప్లాస్ వన్’లో ప్రచురించిన అధ్యయనం 2012లో అచ్చయిన 13 లక్షలకు పైగా పత్రాలను పరిశీలించింది. వాటిలో ఒక్క ట్వీట్ అయినా అందుకున్నవి 21.5 శాతం. ఫేస్‌బుక్‌లో కనిపించినవి 4.7 శాతం, బ్లాగుల్లో ప్రస్తావనకు వచ్చినవి 1.9 శాతం. అన్ని శాస్త్రాలూ కలిపి చూసినా అత్యధిక పత్రాలకు దక్కేది సున్నా. వైద్యం, సామాజిక శాస్త్రాలతో పోలిస్తే గణితం, కంప్యూటర్ శాస్త్రాల వాటా బాగా తక్కువని ఈ తరహా అధ్యయనాలు చూపిస్తున్నాయి.

దీని పర్యవసానం గణాంకాలు తెలిసినవారికి వెంటనే తడుతుంది. చాలా పత్రాలకు సున్నా, కొద్దింటికి చిన్న అంకె, ఒకటి రెండింటికి కొండంత అంకె ఉన్నచోట సగటు ఏమీ చెప్పదు. గణిత పత్రానికి వచ్చిన 12నూ టీకా పత్రానికి వచ్చిన 12నూ పక్కపక్కన పెట్టి చూడటమూ తప్పే. పోల్చాలంటే అదే రంగంలో, అదే కాలంలో వెలువడిన పత్రాలతోనే పోల్చాలి.

సామాజిక మాధ్యమాల్లో వచ్చిన ప్రస్తావనకూ తర్వాతి ప్రభావానికీ సంబంధమే లేదా అంటే, కొంత ఉంది. షువాయ్, పెపె, బోలెన్ 2012లో, జర్నల్ సమీక్షకు ముందే పత్రాలు పెట్టే ‘ఆర్కైవ్’ ప్రీప్రింట్ భాండాగారంలోని 4,606 పత్రాలను పరిశీలించారు. ట్విట్టర్ ప్రస్తావనలకూ డౌన్‌లోడ్లకూ తొలి నెలల సైటేషన్లకూ మధ్య సహసంబంధం కనిపించింది. ట్వీట్ వల్ల పాఠకులు వచ్చారా, మంచి పత్రం కాబట్టే ట్వీట్లూ పాఠకులూ రెండూ వచ్చాయా అన్నది ఆ లెక్క తేల్చలేదు. తేల్చలేదని రచయితలే జాగ్రత్తగా చెప్పారు.

దృష్టిలో పడటం కొంతవరకు యాదృచ్ఛికమేనని చూపిన అధ్యయనం మరొకటి ఉంది. ఆర్కైవ్‌ను 1991లో స్థాపించిన పాల్ గిన్స్‌పార్గ్, ఆసిఫ్-ఉల్ హక్‌తో కలిసి 2009లో చేసిన పరిశోధన అది. రోజువారీ జాబితాలో మొదటి స్థానంలో కనిపించిన పత్రాలకు డౌన్‌లోడ్లూ, దీర్ఘకాలంలో సైటేషన్లూ ఎక్కువగా వచ్చాయని వారు కనుగొన్నారు. మొదటి స్థానం కోసం కొత్త జాబితాకు స్వీకరణ మొదలైన క్షణంలోనే పత్రం పంపే రచయితల ప్రభావం ఇందులో కొంత ఉంది. దాన్ని వేరుచేసినా, స్థానం వల్లే వచ్చిన లాభం కొంత మిగిలింది. అది ఖగోళ భౌతికం, కణ భౌతికం విభాగాల లెక్క కాబట్టి గణితానికి యథాతథంగా వర్తిస్తుందనలేం. కానీ జాబితా పద్ధతి గణితానికీ అదే. కాబట్టి దృష్టికీ యోగ్యతకూ మధ్య ఇలాంటి పొరలుంటాయన్న అనుమానం సహేతుకమే.

అయిదు పత్రాలు, అయిదు రకాల జాడలు

మొత్తాల లెక్క ఒక్కో పత్రానికి ఏం జరిగిందో చెప్పదు. అందుకు విడివిడి ఉదాహరణలు చూడాలి. కింద చెప్పినవన్నీ పేరుపొందిన పత్రాలు. వీటిని బట్టి మామూలు గణిత పత్రం సంగతి ఊహించకూడదు. కొలమానం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ తప్పుతుందో చూపడానికే వీటిని తీసుకున్నాం.

మొదటిది కాన్పూర్ పత్రం. 2002 ఆగస్టు 4న రచయితలు దాన్ని పదిహేను మంది నిపుణులకు పంపారు. రెండు రోజుల తర్వాత వెబ్‌లో పెట్టారు. ఆగస్టు 8న ‘న్యూయార్క్ టైమ్స్’లో వార్త వచ్చింది. లక్షల హిట్లు ఆ వార్తల వెనుక వచ్చినవి. కొన్ని వార్తలు ప్రధాన సంఖ్యను గుర్తించడాన్నీ సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టడాన్నీ ఒకటిగా భావించి, ఇంటర్నెట్ రహస్య సంకేతాలకు ముప్పు వచ్చిందన్న ధ్వనితో రాశాయి. రెండూ వేర్వేరు సమస్యలు. ఆచరణలో పెద్ద ప్రధాన సంఖ్యల కోసం నేటికీ మిల్లర్–రాబిన్ వంటి సంభావ్యతా పరీక్షలనే ఎక్కువగా వాడుతున్నారు. అపార్థంతో రాసిన వార్తకూ అర్థం చేసుకుని రాసిన వార్తకూ ఆల్ట్‌మెట్రిక్ పట్టిక ఇచ్చే భారం ఒకటే.

అదే సమయంలో ఇంకో రకం స్పందన నడిచింది. నిపుణులు కొద్ది రోజుల్లోనే నిరూపణను సరిచూశారు. హెండ్రిక్ లెన్‌స్ట్రా దాన్ని సరళం చేసే మార్గం చూపాడు. మొదటి రూపంలో పద్ధతికి పట్టే కాలం, సంఖ్యలోని అంకెల సంఖ్యకు దాదాపు 12వ ఘాతంగా పెరిగేది. 2004లో ‘ఆనల్స్ ఆఫ్ మ్యాథమెటిక్స్’లో అచ్చయ్యేసరికి అది 10.5కు తగ్గింది. లెన్‌స్ట్రా, కార్ల్ పొమెరాన్స్ మార్చిన రూపంలో 6కు చేరింది. రచయితలకు 2006లో గోడెల్ బహుమతి, ఫుల్కర్‌సన్ బహుమతి దక్కాయి. 12 నుంచి 6కు చేరిన ఆ ప్రయాణం 20 లక్షల హిట్లలో ఎక్కడా కనిపించదు. గణితం మాత్రం అక్కడే జరిగింది.

రెండోది దీనికి విరుద్ధమైన కథ. 2010 ఆగస్టులో హెచ్‌పీ ల్యాబ్స్ పరిశోధకుడు వినయ్ దేవ్‌లాలికర్ పీ, ఎన్‌పీ అనే సమస్యా వర్గాలు సమానం కావని నిరూపించానంటూ సుదీర్ఘమైన రాతప్రతిని తోటి పరిశోధకులకు పంపారు. క్లే సంస్థ పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించిన సమస్య అది. ప్రతి వెంటనే ఆన్‌లైన్‌కు చేరింది. వార్తలు వచ్చాయి. రిచర్డ్ లిప్టన్ బ్లాగులో నిపుణులు గుమిగూడారు, ఒక వికీ పేజీలో అభ్యంతరాలను క్రమంగా నమోదు చేశారు. నీల్ ఇమ్మర్‌మాన్ సహా పలువురు తీవ్రమైన లోపాలు చూపారు. ఒకటి రెండు వారాల్లోనే నిరూపణ నిలవదన్న అభిప్రాయం స్థిరపడింది. ఆనాటి ప్రస్తావనలన్నీ కూడితే ఆ ఏడాది గణిత పత్రాల్లో అదే ముందు వరుసలో నిలిచేదేమో. కానీ ఆ స్పందనలో పెద్ద భాగం పరీక్ష, ప్రశంస కాదు. ఆ పరీక్షకూ విలువ ఉంది: మామూలుగా జర్నల్ సమీక్షలో నెలలు పట్టే పని బహిరంగంగా కొన్ని రోజుల్లో జరిగింది. సంఖ్యకు మాత్రం పొగడ్తా ఖండనా రెండూ ఒకటే.

మూడోది యీటాంగ్ జాంగ్ పత్రం. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా, పెద్దగా ఎవరికీ తెలియకుండా పనిచేస్తున్న జాంగ్ 2013 ఏప్రిల్ 17న ‘ఆనల్స్’కు పత్రం పంపాడు. మే 21న అంగీకారం వచ్చింది. తేడా 7 కోట్లకు మించని ప్రధాన సంఖ్యల జంటలు అనంతంగా ఉన్నాయన్నది ఫలితం. ఆ 7 కోట్లను ఎంతవరకు తగ్గించవచ్చో చూసేందుకు టెరెన్స్ టావో చొరవతో జూన్‌లో ‘పాలీమ్యాథ్ 8’ సామూహిక పరిశోధన మొదలైంది. జులైకల్లా హద్దు 4,680కి దిగింది. నవంబరులో జేమ్స్ మేనార్డ్ వేరే దారిలో 600కు తెచ్చాడు. రెండు దారుల ఆలోచనలూ కలిశాక 2014లో అది 246 వద్ద ఆగింది.

ఇక్కడ ఆన్‌లైన్ స్పందనే పరిశోధనగా మారింది. బ్లాగు టపాల కింద వందలాది వ్యాఖ్యల్లో లెక్కలు నడిచాయి, వికీ పట్టికలో ప్రతి కొత్త హద్దూ తేదీతో సహా నమోదైంది. భారాల పట్టిక ప్రకారం టపాకు 5 వస్తుంది. దాని కింద జరిగిన గణితానికి విడిగా ఏమీ రాదు. 7 కోట్ల నుంచి 246 వరకు దిగిన ఆ వరుసే జాంగ్ పత్రం ఎంత ఫలవంతమైందో చెప్పే సూటి సాక్ష్యం. దాన్ని చదవడానికి ఏ సంస్థ అంకె అవసరమూ లేదు.

నాలుగోది 2023 మార్చి 20న ఆర్కైవ్‌లోకి వచ్చిన ‘యాన్ ఎపీరియాడిక్ మోనోటైల్’. తలాన్ని ఖాళీల్లేకుండా నింపుతూ, ఆ అమరిక ఎన్నడూ ఆవర్తనం కాకుండా చూసే ఒకే ఒక్క టైలు ఉందా అన్నది దశాబ్దాల ప్రశ్న. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ తీరానికి చెందిన డేవిడ్ స్మిత్, వృత్తిరీత్యా గణితవేత్త కాని అభిరుచిపరుడు, టోపీ ఆకారంలో ఉన్న 13 భుజాల టైలును కనిపెట్టాడు. జోసెఫ్ మయర్స్, క్రెయిగ్ కప్లాన్, ఛాయిమ్ గుడ్‌మన్-స్ట్రాస్ అతనితో కలిసి నిరూపణ పూర్తిచేశారు. మార్చి 28న ‘న్యూయార్క్ టైమ్స్’, ఏప్రిల్ మొదట్లో ‘క్వాంటా’ రాశాయి. పత్రం ‘కాంబినేటోరియల్ థియరీ’ జర్నల్లో అచ్చయింది 2024లో.

ఈ పత్రం అంతగా వ్యాపించడానికి ఒక కారణం స్పష్టం. ఫలితాన్ని బొమ్మగా చూపవచ్చు, కాగితం మీద కత్తిరించి పిల్లలతో పేర్పించవచ్చు. నిరూపణ చదవనివారికి కూడా ప్రశ్న అర్థమవుతుంది. ఇంతే లోతున్న బీజగణిత రేఖాగణిత పత్రానికి ఆ వెసులుబాటు ఉండదు. అందువల్ల రెండింటి స్పందనల తేడాలో ఎక్కువ భాగం విషయ స్వభావం నుంచే వస్తుంది. ఈ పత్రానికీ గణితాన్ని ముందుకు నడిపిన స్పందన వచ్చింది. టోపీ టైలును తిరగేసిన ప్రతిబింబాలు కూడా ఆ అమరికలో వాడాల్సి వస్తుంది కదా, అలాంటప్పుడు ఇది నిజంగా ఒకే టైలా అన్న అభ్యంతరం లేచింది. మే 28న అదే నలుగురూ ప్రతిబింబాలు అక్కర్లేని ‘స్పెక్టర్’ టైలుతో రెండో పత్రం పెట్టారు.

అయిదో ఉదాహరణ తెలుగువారికి దగ్గరిది, కొలమానానికి అందనిది. కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో సాంఖ్యక శాస్త్రంలోకి వెళ్లారు. 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఆయన రాసిన పత్రంలో క్రామెర్–రావు హద్దు, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం ఉన్నాయి. సమాచార రేఖాగణితానికి బీజమూ అందులోనే ఉంది. 2023లో ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి ప్రకటించినప్పుడు దేశమంతా పత్రికలు ఆ పత్రం గురించి రాశాయి. అదే ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూసినప్పుడు మళ్లీ రాశాయి.

ఈ స్పందనలో ఎంత భాగం యంత్రాల లెక్కకు ఎక్కుతుంది? పత్రం అచ్చయిన నాటికి డీఓఐ అనే డిజిటల్ గుర్తింపు సంఖ్య లేదు. దినపత్రికలు పత్రానికి లింకు ఇవ్వవు. ‘1945లో రాసిన పత్రం’ అని తెలుగులో చెప్పిన వాక్యాన్ని లింకుల మీద నడిచే యంత్రం పట్టుకోవడం కష్టం. సైటేషన్ లెక్కదీ ఇదే తీరు. ఇంజినీరింగ్ పత్రాల్లో ‘క్రామెర్–రావు హద్దు’ అని రాసేవారు చాలామంది మూల పత్రాన్ని పేర్కొనరు. పేరు పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయాక పత్రం పేరు చెప్పాల్సిన అవసరం తీరిపోతుంది. ఎంత ఎక్కువగా జీర్ణమైతే అంత తక్కువగా లెక్కకు రావడం ఈ కొలమానాలన్నిటికీ ఉన్న వైపరీత్యం.

లెక్క తప్పే చోట్లు

ఈ ఉదాహరణల నుంచి కొలతలో వచ్చే లోపాలను విడదీసి చూడవచ్చు.

మొదటిది గుర్తింపు. ఒకే రచనకు ఆర్కైవ్ సంఖ్య, 2022 నుంచి ఆర్కైవ్ ఇస్తున్న డీఓఐ, జర్నల్ డీఓఐ, రచయితల సొంత పేజీ ఉంటాయి. మోనోటైల్ విషయంలో జర్నల్ డీఓఐ వచ్చేసరికి వార్తల జోరు ఎప్పుడో తగ్గిపోయింది. దాన్ని ఒక్కదాన్నే వెతికితే అసలు స్పందన చేజారుతుంది. గణితవేత్త పెరెల్మాన్ 2002–2003లో ఆర్కైవ్‌లో పెట్టిన మూడు పత్రాలు ఏ జర్నల్‌కూ వెళ్లలేదు. పాయింకరే ఊహను తేల్చినవి అవే. జర్నల్ డీఓఐ మీద నడిచే లెక్కలో వాటికి చోటే లేదు.

రెండోది యంత్రాల సందడి. ఆర్కైవ్‌లో కొత్తగా చేరిన ప్రతి పత్రాన్నీ తమంతట తామే ట్వీట్ చేసే బాట్ ఖాతాలుండేవి. హౌస్టైన్ బృందం 2016లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా ఈ ఖాతాలనే పరిశీలించి, ఆర్కైవ్ పత్రాల ట్వీట్లలో చెప్పుకోదగ్గ భాగం వీటివేనని తేల్చింది. మొత్తం రెండు మూడు ట్వీట్లే వచ్చే గణిత పత్రానికి ఒక బాట్ చేర్చిన ట్వీట్ చిన్న దోషం కాదు.

మూడోది వేదికల అస్థిరత. గూగుల్ ప్లస్ 2019లో మూతపడింది. ట్విట్టర్ 2022 అక్టోబరులో చేతులు మారింది. మరుసటి ఏడాది సమాచారాన్ని ఉచితంగా తీసుకునే వీలు పోయింది, పేరూ మారింది. చాలామంది పరిశోధకులు వేరే వేదికలకు తరలారు. 2013 పత్రం ట్వీట్లనూ 2023 పత్రం ట్వీట్లనూ పోల్చడమంటే రెండు వేర్వేరు జనాభాలను పోల్చడమే.

నాలుగోది డౌన్‌లోడ్లు. ఒకే వ్యక్తి 30 సెకన్లలోపు రెండుసార్లు నొక్కితే ఒకటిగా లెక్కించాలనీ, రోబోలను తీసేయాలనీ ‘కౌంటర్’ ప్రమాణం చెబుతుంది. ఆ ప్రమాణం పాటించే ప్రచురణకర్తల అంకెలు కొంత నయం. ఆర్కైవ్ మాత్రం పత్రాల వారీగా డౌన్‌లోడ్ అంకెలను బయటపెట్టదు. గణితవేత్తలు ఎక్కువగా చదివేది అక్కడే కాబట్టి అసలు పఠనంలో పెద్ద భాగం బయటివారికి కనిపించదు.

అయిదోది ప్రలోభం. ఈ విషయంలో సైటేషన్లూ పవిత్రమైనవేం కావు. అత్యధిక సైటేషన్లు పొందిన పరిశోధకుల జాబితాను ఏటా ప్రకటించే క్లారివేట్ సంస్థ 2023లో గణిత విభాగాన్నే వదిలేసింది. రంగం చిన్నది, సగటు సైటేషన్లు తక్కువ కాబట్టి కొద్దిపాటి కృత్రిమ సైటేషన్లతోనే జాబితా తలకిందులవుతుందన్నది దీని వెనుక ఉన్న ఆందోళన. ట్వీట్లను పెంచుకోవడం సైటేషన్లను పెంచుకోవడం కంటే సులభం. ఆ అంకెకు ఉద్యోగాన్నో ర్యాంకునో ముడిపెడితే ఏం జరుగుతుందో ఊహించడానికి గణితం అక్కర్లేదు.

ఏం కొలవాలి, ఎలా నమోదు చేయాలి

ఇన్ని లోపాలున్నాయని కొలవడమే మానేయాలా? అవసరం లేదు. అంకె ఒక్కటే చెప్పడం మాని, దాని వెనుక ఉన్నది విడివిడిగా చెప్పాలి. పై ఉదాహరణల ఆధారంగా సూచించదగ్గ పద్ధతి ఇలా ఉంటుంది.

ముందుగా పత్రం రూపాలన్నిటినీ, అంటే ప్రీప్రింట్, దాని సవరణలు, జర్నల్ ప్రతి, ఉపన్యాసం వీడియో, రచయితల పేజీలను ఒకే రచన కింద చేర్చాలి. రెండోది, ఏ అంకె ఏ తేదీన తీసుకున్నదో రాయాలి. మొదటి నెల, మొదటి ఏడు, అయిదో ఏడు విడివిడిగా చూపాలి. గణితంలో అసలు కథ తరచు మొదటి ఏడు ముగిశాకే మొదలవుతుంది. మూడోది, ఒకే ఏజెన్సీ వార్తకు వచ్చిన నకళ్లనూ బాట్ ఖాతాలనూ తీసేసి, ఎన్ని తీశారో చెప్పాలి. నాలుగోది, వార్త, వికీపీడియా, సామాజిక మాధ్యమం, నిపుణుల చర్చ అంకెలను కూడకుండా ఉంచాలి.

అయిదోది అన్నిటికంటే ముఖ్యం, చెయ్యడానికి శ్రమ ఎక్కువ. ప్రస్తావనలను చదివి వర్గీకరించాలి. కేవలం పంచుకున్నది, వివరించినది, సరిచూసినది, లోపం చూపినది, ముందుకు తీసుకెళ్లినది అని అయిదు గళ్లు చాలు. ఇద్దరు వేర్వేరుగా వర్గీకరించి, ఎంతవరకు ఏకీభవించారో కూడా చెబితే ఫలితం మీద నమ్మకం పెరుగుతుంది. గణిత పత్రాల ప్రస్తావనలు తక్కువ కాబట్టి ఈ పని అసాధ్యమేమీ కాదు. వేలాది ట్వీట్లు వచ్చే వైద్య పత్రానికి లేని సౌకర్యం ఇది.

గణితానికే ప్రత్యేకమైన జాడలనూ ఇందులో చేర్చాలి. ‘మ్యాథమెటికల్ రివ్యూస్’, 2021 నుంచి అందరికీ ఉచితంగా తెరిచిన ‘జెడ్‌బీమ్యాథ్’ నిపుణులు రాసిన సమీక్షలను ప్రచురిస్తాయి. ఆర్కైవ్‌లోని సవరణ ప్రతుల్లో ‘ఫలానావారు చూపిన పొరపాటు సరిదిద్దాం’ అన్న కృతజ్ఞతలుంటాయి. కొత్తగా, నిరూపణలను కంప్యూటర్ చేత సరిచూపించే ‘లీన్’ ప్రాజెక్టులున్నాయి. టిమొతీ గవర్స్, బెన్ గ్రీన్, ఫ్రెడీ మానర్స్, టెరెన్స్ టావో 2023 నవంబరు 9న ఆర్కైవ్‌లో పెట్టిన ఒక నిరూపణను, పలువురు కలిసి డిసెంబరు మొదటి వారానికల్లా లీన్‌లోకి మార్చి పూర్తిగా సరిచూశారు. ఎవరు ఏ వాక్యం రాశారో గిట్‌హబ్‌లో తేదీతో సహా ఉంది. ఇంత స్పష్టమైన, పరిశీలించదగ్గ స్పందన గణితానికి ఇంతకుముందు లేదు. దాన్ని వదిలి ట్వీట్లు లెక్కపెట్టుకోవడంలో అర్థం లేదు.

తేలినది

అందుబాటులో ఉన్న సాక్ష్యం ఇంతవరకు అనుమతిస్తుంది: ఆన్‌లైన్ ప్రస్తావనల సంఖ్య, జాగ్రత్తగా శుభ్రం చేస్తే, గణిత పత్రం ఎప్పుడు, ఏ దారుల్లో, సుమారుగా ఎంత దూరం చేరిందో చెబుతుంది. తొలి సైటేషన్లతో దానికి కొంత సంబంధం ఉంది, ఆ సంబంధానికి కారణం తేలలేదు. పత్రం సరైనదా అన్నదానికి అది సాక్ష్యం కాదు. 2010 ఉదాహరణ ఆ విషయంలో అనుమానం మిగల్చలేదు. పత్రం లోతైనదా అన్నదానికీ కాదు, 1945 ఉదాహరణ అది చూపింది. తక్కువ అంకె నుంచి అసలే ఏమీ తేల్చకూడదు, ఎందుకంటే గణితంలో సున్నాయే మామూలు.

కాబట్టి విశ్వవిద్యాలయాల నియామక, పదోన్నతి సంఘాలకు ఒక విన్నపం. గణిత అభ్యర్థి దరఖాస్తులో ఆల్ట్‌మెట్రిక్ అంకె కనిపిస్తే దాన్ని మార్కుగా వేయకండి, వివరం అడగండి: ఈ ప్రస్తావనల్లో పత్రాన్ని చదివి సరిచూసినవారు ఎవరు, దాన్ని ముందుకు తీసుకెళ్లినవారు ఎవరు? ఆ ప్రశ్నకు ఇద్దరి పేర్లు జవాబుగా వచ్చినా, రెండు వేల ట్వీట్ల కంటే అదే బలమైన ఆధారం.